బరువు తగ్గే ఆపరేషను తర్వాత పథ్యం

ఇంట్లో ఎవరికైనా ఆపరేషను జరిగి ఇంటికి తీసుకువస్తే, ఏం వండి పెట్టాలో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటి రెండు రోజులూ గంజి, సగ్గుబియ్యం జావ. ఆ తర్వాత పాతబియ్యం మెత్తగా వండి, బీరకాయో పొట్లకాయో కారం లేకుండా వుడికించి, మిరియాల చారు పోసి పెడతాం. జ్వరానికీ అదే, అపెండిసైటిసుకీ అదే. మా అమ్మ నాకు చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకి చెప్పింది. ఏనాడూ దాని వల్ల చెడిందేమీ లేదు.

అయితే ఈ పథ్యం పనికిరాని ఆపరేషను ఒకటి వుంది. పనికిరాకపోవడమే కాదు, దాన్ని నమ్ముకుని కూర్చుంటే మనిషికి ముప్పు కూడా. అది బరువు తగ్గడానికి చేసే ఆపరేషను. సోదరీమణులారా, నేను డాక్టర్ని కాను. మా చిన్న తోడికోడలు ఈ ఆపరేషను చేయించుకుని మా ఇంట్లోనే నాలుగు నెలలు వుంది. ఆ నాలుగు నెలలూ ఆమెకి వండి పెట్టినదాన్ని నేనే. అందులో కొన్ని వారాలు తప్పుగా వండి పెట్టాను. ఆ తప్పు మీరెవరూ చెయ్యకూడదనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

ముందు ఆపరేషను సంగతి కాస్త తెలుసుకుందాం. పొట్టలోని కొవ్వు కోసి తీసేస్తారని చాలామంది అనుకుంటారు. మా వీధిలో పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అలాగే అడిగారు. కాదండీ, కొవ్వు జోలికి పోరు. చేసేదంతా జీర్ణకోశానికీ, పేగులకీను. ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకదాన్ని స్లీవు ఆపరేషను అంటారు. జీర్ణకోశంలో ముప్పాతిక వంతు, ఇంకా కాస్త ఎక్కువే, తీసేసి మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా వుంచుతారు. రెండోది బైపాసు. గుండెకి చేసే బైపాసు కాదు లెండి. జీర్ణకోశం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి కలుపుతారు. ఆ సంచిలో మొదట్లో 30 మి.లీ. మించి పట్టదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను 1966లో మొదటిసారి ఈ బైపాసు చేశాడు. కనక ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. ఇప్పుడు పొట్టమీద చిన్న చిన్న కన్నాలు పెట్టి చేస్తున్నారు గనక మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు. ఆ తర్వాత భారమంతా వంటింటి మీదే.

"తిండి తగ్గించుకుంటే పోయేదానికి కోతలెందుకమ్మా?" అని మా ఆడపడుచు ఒకావిడ మొహం మీదే అంది. మా తోడికోడలు పదిహేనేళ్ళుగా తిండి తగ్గిస్తూనే వుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగేది. షుగరు వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి, రాత్రిళ్ళు నిద్రలో వూపిరి ఆగి వులిక్కిపడి లేచేది. సోకు కోసం చేయించుకున్నది కాదు. ఇలాంటి మాటలు విని విని ఆ అమ్మాయి తన బాధ ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం నేర్చుకుంది. ఆ దాచుకోవడమే తర్వాత మా పీకల మీదికి తెచ్చింది.

ఇంక పథ్యం. ఆస్పత్రిలో ఒకటి రెండు రోజులూ తేట పదార్థాలు మాత్రమే ఇస్తారు. నీళ్ళు, వడకట్టిన చారునీళ్ళు, మజ్జిగ మీద తేరిన తేట. ఇంటికి వచ్చాక రెండు వారాలదాకా పాలు, మజ్జిగ, వడకట్టిన సూపులు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బిన పదార్థాలు. అయిదు, ఆరు వారాల్లో వేలితో నొక్కితే చితికిపోయేటంత మెత్తటివి. ఆ తర్వాత నెమ్మదిగా మామూలు తిండి. ఈ వారాల లెక్క ఒక్కో సర్జను ఒక్కోలా చెబుతారు. మీకు ఇచ్చిన కాగితంలో ఎలా వుంటే అదే మీకు శాసనం, నా మాట కాదు. ఇన్ని మెట్లు ఎందుకంటే, లోపల కోసి మూసిన అతుకు మానడానికి వ్యవధి కావాలి. అది మానకుండా గట్టి పదార్థం దింపితే అతుకు మీద వొత్తిడి పడుతుంది. జ్వరం వచ్చినా, గుండె దడదడలాడుతున్నా, కడుపులోగాని ఎడమ భుజంలోగాని నొప్పి ఎక్కువవుతున్నా అది అజీర్ణం కాదు, వాము నీళ్ళతో పోయేదీ కాదు. అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

మొదటి రెండు వారాల్లో పెద్ద సమస్య ఏం పెట్టాలని కాదు, ఎంత పెట్టాలని. మన చేతికి గ్లాసు కొలతే అలవాటు. నేను మొదటి రోజు గ్లాసుడు మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చాను. నాలుగు గుక్కలకే ఆమె మొహం మాడిపోయింది. అప్పుడు మా అత్తయ్యగారు అటకమీదనుంచి వెండి ఉగ్గుగిన్నె తీయించారు. మా పిల్లలకి ఆముదం పట్టిన గిన్నె అది. కొలిచి చూస్తే దాదాపు 30 మి.లీ. పట్టింది. సరిగ్గా కావలసిన కొలత! పావుగంటకి ఒక ఉగ్గుగిన్నె, అదీ ఒక్కసారిగా కాదు, చప్పరిస్తున్నట్టు తాగాలి. గంటకి నాలుగు గిన్నెలు, అంటే 120 మి.లీ. పొద్దున్న ఆరింటినుంచి రాత్రి ఏడున్నర దాకా అలా సాగితే లీటరున్నర దాటుతుంది. రోజుకి అంతమాత్రం ద్రవం లోపలికి వెళ్ళాల్సిందే. వెళ్ళకపోతే నోరెండిపోయి, కళ్ళు తిరిగి, మూత్రం పచ్చబడిపోతుంది. ఇంటికి వచ్చినవాళ్ళు చాలామంది మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళేది ఇలా నీరసించే. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే కుదరదు. గడియారం చూసి తాగాల్సిందే.

సోడాలు, గ్యాసుండే కూల్‌డ్రింకులు బొత్తిగా కూడవు. పళ్ళరసాలలో పంచదార కలపకూడదు. అసలు ఆ చారెడు చోటుని పళ్ళరసంతో నింపడమే దండగ. కాఫీ మొదటి నెల వద్దన్నారు. ఆ అమ్మాయి ఆపరేషను నొప్పికి ఏడవలేదుగాని, పొద్దున్నే మా వంటింట్లోంచి డికాక్షను వాసన వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాపం, వారం రోజులు మేమందరం కాఫీ డాబామీదికి పట్టుకెళ్ళి తాగాం.

ఇక్కడే నేను చేసిన తప్పు మొదలైంది. ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితంలో "మాంసకృత్తులు రోజుకి 60 నుంచి 80 గ్రాములు" అని రాసివుంది. మాంసకృత్తులంటే ఇప్పుడు అందరూ ప్రొటీను అంటున్నారే, అదే. నేను ఆ అంకె చూశానుగాని అర్థం చేసుకోలేదు. పథ్యమంటే తేలికగా వుండాలి, అంతే కదా అనుకున్నాను. పొద్దున్న సగ్గుబియ్యం జావ, పదింటికి గంజి, మధ్యాహ్నం పప్పుకట్టు, సాయంత్రం గ్లూకోజు నీళ్ళు, రాత్రి రాగిజావ. ఎంత శ్రద్ధగా చేశాననుకున్నారు! పాలు మటుకు కఫం చేస్తాయని పక్కన పెట్టేశాను.

ఇప్పుడు లెక్క చూడండి. సగ్గుబియ్యంలో మాంసకృత్తులు లేవనే చెప్పాలి. అది వుత్త పిండి. గంజి అంతే. రాగులు మంచివేగాని, ఒక గ్లాసు జావలో పడే పిండి రెండు చెంచాలు, దానిలో వచ్చేది గ్రాము. పప్పుకట్టు చాలా బలమని మన నమ్మకం. పప్పులో బలం వున్నమాట నిజమే. కందిపప్పో పెసరపప్పో 100 గ్రాముల్లో 22, 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కాని ఆ బలం అడుగున వున్న పప్పులో వుంటుంది, పైన తేరిన కట్టులో కాదు. నేను కట్టు ఆమెకి పోసి, ముద్దపప్పు ఆవకాయతో మేము తిన్నాం. మొత్తం కలిపి ఆమెకి రోజుకి పది గ్రాములు కూడా వెళ్ళలేదని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది.

మామూలు జబ్బులో ఇది పెద్ద పట్టింపు కాదు. నాలుగు రోజులు గంజి తాగి అయిదోరోజు అన్నం తింటాం, లోటు తీరిపోతుంది. ఈ ఆపరేషను తర్వాత ఆ అయిదోరోజు రాదు. నెలల తరబడి లోపలికి వెళ్ళేదే కొంచెం. ఆ కొంచెంలోనే కావలసినదంతా వుండాలి. లేకపోతే వొంట్లోని కొవ్వుతోబాటు కండ కూడా కరిగిపోతుంది. తూకంలో బరువు తగ్గుతున్నట్టే కనిపిస్తుంది, అందరం సంతోషిస్తాం. మనిషి మాత్రం మెట్లెక్కలేకుండా అయిపోతుంది.

మరి 60 గ్రాములు ఎలా వస్తాయి? మొదటి రెండు వారాలకి పాలే ఆధారం. వెన్న తీసిన పాలు అరలీటరుకి 16 గ్రాములు. ఆ పాలల్లోనే వెన్న తీసిన పాలపొడి 50 గ్రాములు కలిపితే ఇంకో 17. పాలపొడి కలిపినా పరిమాణం పెరగదు చూశారూ, అదే దానిలో సుఖం. ఇంక పాలు విరగ్గొడితే పైన పచ్చటి తేట మిగులుతుంది. దాన్ని మనం చపాతీపిండి తడపడానికి వాడతాం, లేదా పారబోస్తాం. ఆ తేటలోని మాంసకృత్తులు తీసి పొడి చేసి అమ్ముతున్నారు, వే ప్రొటీన్ అంటారు. చాలా ఆస్పత్రుల్లో రాసి ఇచ్చే డబ్బా అదే. ఒక కొలత గరిటెకి 20 గ్రాముల పైచిలుకు వస్తుంది. డబ్బా మీద పంచదార ఎంతో చదివి కొనండి. వీటితోబాటు పెసరపప్పు మెత్తగా వుడికించి, అడుగు పప్పుతో సహా మిక్సీలో తిప్పి, జావలా జారేటట్టు చేసి జల్లెడలో వడకట్టి ఇస్తే అరవై నిండుతుంది. ఆపరేషను తర్వాత కొందరికి పాలు పడవు. కడుపు వుబ్బరం, విరేచనాలు. అలాంటివాళ్ళకి పెరుగు, మజ్జిగ, లాక్టోజు తీసేసిన పాలు వాడుకోవచ్చు.

రుబ్బి పెట్టే దశకి వచ్చాక వీలు కాస్త పెరుగుతుంది. పెరుగుని పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీస్తే నీరంతా పోయి ముద్దలా మిగులుతుంది. మామూలు పెరుగు 100 గ్రాములకి 3 గ్రాములే, ఈ ముద్దలో దానికి రెట్టింపుకి పైగా వుంటుంది. ఇంట్లో విరగ్గొట్టిన పనీరు 50 గ్రాములు చితిపి, కాస్త జీలకర్రపొడి వేస్తే 9 గ్రాములు. కోడిగుడ్డు ఒకటి 6 గ్రాములు. చేప తినేవాళ్ళకి ముళ్ళు లేకుండా తీసి, పులుసు పల్చగా, కారం తక్కువగా పెట్టి చిదిపి ఇస్తే అంత హాయిగా దిగేది ఇంకోటి లేదట. 50 గ్రాములకి 9, 10 గ్రాములు వస్తుంది. కోడిమాంసం ఆలస్యంగా మొదలుపెట్టాలి, పీచు పీచుగా వుండి అడ్డుపడుతుంది. శాకాహారులకి మీల్‌మేకరు వుంది. 25 గ్రాముల పొడి ముక్కల్లో 12 గ్రాముల పైన. బాగా నానబెట్టి, పిండి, రుబ్బి కూరలో కలపవచ్చు.

మా అత్తయ్యగారి వంటింట్లోకి కోడిగుడ్డు రాదు. ఆ అమ్మాయికి పాలు ఎక్కువైతే వెగటు పుట్టేది. చివరికి వెనక వసారాలో ఒక కరెంటు పొయ్యి, విడిగా ఒక గిన్నె, ఒక చెంచా పెట్టి, మా మరిదే రోజూ రెండు గుడ్లు వుడకబెట్టి చిదిమి ఇచ్చేవాడు. అతని జన్మలో అది మొదటి వంట. అత్తయ్యగారు చూసీ చూడనట్టు వూరుకున్నారు.

ఇంక అన్నం. ఎన్ని కిలోల బరువు తగ్గినా మనకి అన్నం తినకపోతే తిన్నట్టుండదు. కాని ఈ ఆపరేషను తర్వాత తొందరపడి తినకూడని పదార్థాల్లో అన్నం ఒకటి. మెత్తటి అన్నం, మెత్తటి బ్రెడ్డు, చపాతీ, ఇవి చూడ్డానికి తేలికగా వుంటాయిగాని లోపలికి వెళ్ళి ముద్దకట్టి, ఆ సన్నటి దారికి బిరడా బిగించినట్టు పడతాయి. పైగా వంద గ్రాముల అన్నంలో మాంసకృత్తులు రెండున్నర గ్రాములే. చోటంతా అదే ఆక్రమించుకుంటే ఇంక పప్పుకి చోటేదీ? అందుకని కంచంలో వరస మార్చాలి. ముందు పప్పో పనీరో గుడ్డో, తర్వాత కూర, చోటు మిగిలితే చివర రెండు చెంచాల అన్నం. మనం పప్పు అన్నంలో కలుపుకుంటాం. ఈ మనిషి పప్పు వుత్తదే తినాలి. మొదట్లో ఎబ్బెట్టుగానే వుంటుంది.

తినేటప్పుడు మంచినీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట దాకా కూడా తాగకూడదు. నీళ్ళకి చోటిస్తే తిండికి చోటుండదు, పైగా వాంతి అవుతుంది. చిన్న చెంచాతో తీసుకుని, ఒక్కో ముద్ద పాతిక సార్లు నమిలి, ఒక ముద్ద దిగాక చెంచా కింద పెట్టి, ఇంకో ముద్ద. అరగంట పడుతుంది. ఇంక చాలు అని లోపల అనిపించిన క్షణాన, చెంచాలో వున్నది వున్నట్టే వదిలెయ్యాలి. "ఆ ఒక్క ముద్దా పారెయ్యడమెందుకు, తినెయ్" అనే మాట మనందరి నోటా వస్తుంది. ఆ ఒక్క ముద్దకే వాంతి అవుతుంది.

మా ఇంట్లో అదే జరిగింది. అయిదో వారంలో నేనే మెత్తటి ముద్దపప్పు అన్నం నెయ్యి వేసి కలిపి పెట్టాను. ఆకలితో వున్నదేమో, ఆ అమ్మాయి గబగబా నాలుగు ముద్దలు తిని, గొంతు పట్టినట్టుందని నీళ్ళు తాగింది. అంతా వాంతి అయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఏం తిన్నా అంతే. "మొదట్లో ఇలాగే వుంటుందిట అక్కయ్యా" అని నాతో అనేది. నేనూ నమ్మాను. వాంతి అవుతుందని విటమిను మాత్రలు కూడా మానేసిందన్న సంగతి నాకు చెప్పలేదు. నీరసంగా వుందంటే ఇంకాస్త గ్లూకోజు నీళ్ళు, ఇంకాస్త గంజి పట్టేదాన్ని. రెండు వారాలు గడిచాయి. ఒకరోజు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంది. ఆ మర్నాడు గోడ పట్టుకుని నడుస్తోంది. సాయంత్రం దీపం పెట్టాక, "అక్కయ్యా, రెండు దీపాలు కనిపిస్తున్నాయేమిటి?" అని అడిగింది.

ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. పెద్ద డాక్టరుగారు వాంతులు ఎన్నాళ్ళనుంచి అని అడిగి, ముందు నరంలోకి విటమిను బి1 ఎక్కించమన్నారు. గ్లూకోజు బాటిలు తర్వాత అన్నారు. ఆ వరస ఎందుకో మర్నాడు ఆయనే చెప్పారు. బి1 విటమిను, దాన్నే థయామిను అంటారు, మన వొంట్లో రెండు మూడు వారాలకి సరిపడేటంతే నిలవ వుంటుంది. తినక, తిన్నది నిలవక వుంటే అది అడుగంటిపోతుంది. గంజీ గ్లూకోజూ ఒంట్లో ఖర్చవ్వాలంటే బి1 కావాలి. బి1 లేని మనిషికి వుత్త గ్లూకోజు పడితే, వున్న ఆ కాస్తా కూడా అయిపోయి మెదడు మీదికీ నరాల మీదికీ వస్తుంది. ఆలస్యమైతే మతిమరుపు, నడక తప్పడం శాశ్వతంగా వుండిపోవచ్చట. నేను ప్రేమగా పట్టిన గ్లూకోజు నీళ్ళ మాట ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా మరిది చెప్పాడు.

ఈ బి1 లోపం మన తెలుగుదేశానికి కొత్త కాదు. బాగా మరపట్టిన తెల్లటి పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి జబ్బు విస్తారంగా వుండేది. కాళ్ళు తిమ్మిర్లు, వాపులు, గుండెదడ. బియ్యం మీది తవుడులో బి1 వుంటుంది, మరపట్టడంలో అదంతా పోతుంది. ఉప్పుడుబియ్యం తినేవాళ్ళకి అంతగా వచ్చేది కాదు. ధాన్యాన్ని ముందు వుడికించడం వల్ల ఆ విటమిను గింజలోకి దిగుతుంది. హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ వుంది కదా, దాని పుట్టుక కూడా ఈ జబ్బుతోనే. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద పరిశోధనకని ఒక్క గదిలో మొదలుపెట్టినది పెరిగి, 1958లో హైదరాబాదుకి వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. బి1 సంగతి మనవాళ్ళకి తెలిసి ఇంతకాలమైంది. నా వంటింట్లో మటుకు నాకు తెలియలేదు.

కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఒకటి రెండుసార్లు వాంతి అయితే నమలడం, కొలత సరిచూసుకోండి. రెండు మూడు రోజులు వరసగా అవుతుంటే ఇంట్లో కూర్చోకండి. డాక్టరు దగ్గర ఆపరేషను ఎప్పుడు జరిగిందో, వాంతులు ఎన్నాళ్ళనుంచో చెప్పి, బి1 ఇవ్వాలేమో చూడమని మీరే అడగండి. కొత్త డాక్టరైతే ఆ ఆపరేషను మాట మీరు చెబితేనే తెలుస్తుంది. పొట్ట మీద మచ్చలు చిన్నవి, ఎవరికీ కనబడవు.

మాత్రలు జన్మంతా వేసుకోవలసినవి. బరువు తగ్గాం, వొళ్ళు బాగుంది అని ఏడాది తర్వాత మానేసేవాళ్ళు చాలామంది. బి12 మనకి వొంటపట్టాలంటే జీర్ణకోశంలో వూరే ఒక పదార్థం దానితో కలవాలి. జీర్ణకోశమే కోసేశాక అది తగినంత వూరదు, వూరినా బైపాసులో తిండితో కలవదు. అందుకని బి12 పెద్ద మోతాదు మాత్రగానో, నెలకో ఇంజక్షనుగానో తీసుకోవాలి. లోపం వెంటనే తెలియదు, లివరులో వున్న నిలవతో ఏళ్ళు గడుస్తాయి. తీరా తెలిసేటప్పటికి నరాలు దెబ్బతిని వుంటాయి. పాలు తప్ప ఇంకే జంతు పదార్థమూ ముట్టని మన శాకాహారులకి ఈ భయం మరీ ఎక్కువ. రక్తహీనతకి బి12తో జోడుగా ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ వుంది చూశారూ, దాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తిన్నది వొంటపట్టని స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు పోయారు.

కాల్షియం, ఇనుము మాత్రలు రెండూ ఒకేసారి మింగకూడదు. ఒకదాన్ని ఇంకొకటి వొంటపట్టనివ్వదు. కనీసం రెండు గంటలు ఎడం వుండాలి. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి, కాని ఒక్కసారి 500, 600 మించితే వొంటికి పట్టదు. అంచేత రెండు మూడు సార్లుగా వేసుకోవాలి. సిట్రేటు రకమైతే జీర్ణకోశంలో ఆమ్లం తక్కువున్నా పనిచేస్తుంది. నెలనెలా బయటచేరే ఆడవాళ్ళకి ఇనుము మోతాదు ఎక్కువ. ఇనుము మాత్ర కాఫీ టీలతో అసలు వద్దు. మేము పొద్దున్న ఇనుము, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కాల్షియం అని కాలెండరు మీద రాసి, వేసుకున్నప్పుడల్లా గీత పెట్టాం. మోకాళ్ళ నెప్పులని మందులషాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు మాత్రం బైపాసు అయినవాళ్ళు ముట్టకూడదు. అతుకు దగ్గర పుండు పడుతుంది.

పిల్లలు కావలసిన అమ్మాయిలు ఆపరేషను తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగాలి. బరువు తగ్గుతూంటే నెలసరి సక్రమంగా రావడం మొదలై, అనుకోకుండా నెల తప్పే అవకాశం ఎక్కువ. ఇది అత్తగార్లు కూడా వినవలసిన మాట.

మూడు నెలలు దాటాక జుట్టు గుప్పెళ్ళతో వూడుతుంది. బరువు వేగంగా తగ్గినప్పుడు అలా అవుతుంది, కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. నూనెలు మార్చి లాభం లేదు. తిండిలో మాంసకృత్తులు, ఇనుము సరిగ్గా వెడుతున్నాయా అని చూసుకోవాలి.

పండగల మాట చెప్పకపోతే ఎలా? బైపాసు అయినవాళ్ళు తీపి తింటే అది జీర్ణకోశంలో ఆగకుండా నేరుగా పేగులోకి జారిపోతుంది. అరగంటలో చెమటలు, దడ, కడుపులో మెలి, విరేచనం. డంపింగు అంటారు దాన్ని. కొందరికి రెండు మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మా తోడికోడలు శ్రావణ శుక్రవారం నాడు పేరంటానికి వెళ్ళి, మొహమాటానికి ఒక్క పూర్ణం తిని, వాళ్ళింట్లోనే పడుకుండిపోయింది. పేరంటంలో తినకపోతే అమ్మవారి ప్రసాదం కాదన్నట్టు చూస్తారు. గోరంత కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. పెట్టేవాళ్ళం కూడా బలవంతం చెయ్యకూడదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ ఆపరేషను మగవాడికి జరిగితే ఇంట్లో అందరం అతని చుట్టూ తిరిగి వండి పెడతాం. ఇంటి ఇల్లాలికి జరిగితే? ఆమె అందరికీ వడ్డించి, ఆఖరున మిగిలినది తినే మనిషి. కూర అయిపోతే చారుతో సరిపెట్టుకుంటుంది. పిల్లల కంచాల్లో వదిలేసిన ఇడ్లీముక్క పారెయ్యలేక నోట్లో వేసుకుంటుంది. ఉపవాసాలు, ఏకభుక్తాలు సరేసరి. ఇవన్నీ ఇప్పుడు ఆమెకి కుదరవు. రోజుకి అయిదారు సార్లు, వేళకి, తనకోసం విడిగా చేసుకున్నది, అందరికంటే ముందు తినాలి. మా తోడికోడలికి గంజి తాగడం, గుడ్డు తినడం కష్టం కాలేదు. మామగారికంటే ముందు కూర్చుని తినడం కష్టమైంది. గిన్నె పట్టుకుని వంటింటి మూలకి వెళ్ళి గోడవేపు తిరిగి తినేది. గబగబా తినడం ఆ సిగ్గు వల్లే వచ్చిందని నాకు చాలా రోజులకిగాని తట్టలేదు. అప్పుడు మామగారే ఒక పూట, "అమ్మాయ్, నీ గిన్నె తెచ్చుకుని ఇక్కడ కూర్చో, నువ్వు మొదలుపెట్టాకే నేను మొదలుపెడతా" అన్నారు. అరగంటసేపు ఆమె నముల్తుంటే, ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని పేపరు చదువుతూ కూర్చునేవారు. ఆయన షుగరు కూడా ఆ నెలలో కాస్త తగ్గిందంటే మీరు నమ్మాలి.

ఆమె చూపు నాలుగు రోజుల్లోనే కుదుటపడింది. కాళ్ళ తిమ్మిరి పోవడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పటికి రెండేళ్ళయింది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, ఇప్పుడు ఏడాదికోసారి. అరముక్క పెసరట్టు, దానిమీద చిదిమిన పనీరు, ఆమె పొద్దుటి ఫలహారం. పెళ్ళిళ్ళకి వెళ్ళినా సంచీలో ఒక చిన్న డబ్బా వుంటుంది, వేయించిన పుట్నాలపప్పు, ఇనుము మాత్ర. ఉగ్గుగిన్నె మటుకు మళ్ళీ అటకెక్కలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే వుంది. ఈ మధ్య పక్కింటావిడ అల్లుడికి అదే ఆపరేషను అని తెలిస్తే, మా అత్తయ్యగారు దాన్ని చింతపండు పెట్టి తోమించి, వాళ్ళింటికి పంపించారు. దానితోబాటు పాలపొడి పొట్లం కూడా.